పదేళ్ల కొలిమి

రెండు దేశాల పెద్దలు ఒక బల్లకు అటూ ఇటూ కూర్చుని బేరమాడుతుంటే, అటువాళ్ల మాట ఇటువాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇంట్లో అందరూ ఆమెను దుబాసి అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది అన్నయ్య. "లోకంలో వాళ్లందరి మాటలూ మోస్తావు గానీ నీ మాట మాత్రం గడప దాటదు కదే" అనేవాడు నవ్వుతూ. అందులో అబద్ధమేమీ లేదు. పొద్దుటి నుంచీ పరాయివాళ్ల కోపాలూ, పరాయివాళ్ల మర్యాదలూ తన నోటితో పలికి పలికి, సాయంత్రం ఇల్లు చేరేసరికి సొంతమాట ఒకటి వెతుక్కోవాలన్నా ఆమెకు ఓపిక ఉండేది కాదు.

ఈసారి బేరం పదకొండో రోజులో పడింది. నాలుగో అంతస్తులో పొడవాటి గది, తెరుచుకోని కిటికీలు, మూత తీసి తాగకుండా వదిలేసిన నీళ్ల సీసాలు. మొదటి మూడు రోజులు అందరూ నవ్వుతూ పలకరించుకున్నారు. ఆరో రోజుకి నవ్వులు అరిగిపోయాయి. ఇప్పుడు తల కూడా పొదుపుగానే ఊపుతున్నారు.

సంగతి ఎరువు దగ్గర మొదలైంది. ఇటువాళ్లకు ఎరువు రెండు దేశాల నుంచి వచ్చేది. వాటిలో ఒకటి పక్కదేశంతో యుద్ధానికి దిగింది. పెద్ద దేశాలన్నీ కలిసి దాని మీద ఆంక్షలు పెట్టాయి. ఆ దేశపు సరుకు ఎక్కించుకున్న ఓడకు బీమా ఇచ్చేవాళ్లు లేరు, రేవులోకి రానిచ్చేవాళ్లు లేరు. ఇక మిగిలింది రెండో దేశం, అంటే ఇప్పుడు బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లది. ఊరంతటికీ ఒక్క కొట్టే మిగిలితే కొట్టువాడు ఎంతంటే అంతే కదా. వాళ్లు ఎరువు ఎగుమతికి కొత్తగా అనుమతి పత్రం కావాలన్నారు. పత్రాలు ఇవ్వడం మాత్రం ఆపేశారు. ఎప్పుడడిగినా "పరిశీలనలో ఉంది" అనేవారు. విత్తనాలు వేసే అదనుకు ఇంకా ఆరు వారాలే ఉంది.

పదకొండో రోజు పొద్దున, అటువైపు పెద్దమనిషి తన ముందున్న కాగితాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, నెమ్మదిగా రెండు వాక్యాలు మాట్లాడాడు. దుబాసి అలవాటు ప్రకారం అతని మాటలనే తన మాటలుగా ఇటువైపు చెప్పింది.

"మా గాజు మీద, గాజు సామాను మీద మీరు వేస్తున్న ముప్పై శాతం సుంకం ఎత్తేయండి. మర్నాడే మీ ఎరువు ఓడలు కదులుతాయి."

చెప్పీ చెప్పగానే ఆమె సీసా అందుకుని నీళ్లు తాగింది. పక్కనున్నవాళ్లు అది అలసట అనుకున్నారు.

అన్నయ్యది గాజు పని. ప్రయోగశాలల్లో వాడే బీకర్లూ, ఫ్లాస్కులూ, పరీక్ష నాళికలూ చేసే చిన్న కర్మాగారం. పదహారో ఏట అందులో ఊడ్చేవాడిగా చేరి, ఊదుడు గొట్టం పట్టడం నేర్చుకుని, పాత యజమాని చేతులెత్తేసిన రోజున తనే భుజానికెత్తుకున్నాడు. ఇప్పుడు ముప్పై ఒక్క మంది పనివాళ్లు. అటువాళ్ల దేశంలో గ్యాసు చవక, పనంతా యంత్రాలే చేస్తాయి. సుంకం అనే గోడ లేకపోతే వాళ్ల బీకరు ఓడెక్కి వచ్చినా అన్నయ్య బీకరు కంటే సగం ధరకే దొరుకుతుంది. ఆ సంగతి అన్నయ్యకూ తెలుసు. "మనం బతుకుతున్నది మన ఊపిరితో కాదే, ఆ ముప్పైతో" అని ఎన్నోసార్లు అన్నాడు.

మధ్యాహ్నం విరామంలో ఆమె తలుపు దగ్గర సొరుగులో పెట్టిన ఫోను తీసుకుని వరండాలోకి వచ్చింది. వచ్చీ రాగానే అది మోగింది.

"తిన్నావా?" అన్నాడు అన్నయ్య.

"తినాలి."

"గొంతేంటి, అలా బొంగురుపోయింది? వేడినీళ్లు తాగు. ఇదిగో, సోమవారం మేస్త్రీ వస్తున్నాడు. ఆ పొద్దున్నే కొలిమి ఆర్పేస్తున్నాం. పదకొండేళ్ల తర్వాత. మీ వదిన ఏడుస్తుందని నేనూ బుగ్గల మావయ్యా పందెం వేసుకున్నాం. నువ్వూ వస్తే బాగుంటుంది."

గాజు కొలిమిని వంటపొయ్యిలా రాత్రి ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. ఒకసారి రాజుకుంటే ఏళ్ల తరబడి అలా మండుతూనే ఉండాలి. ఆర్పితే లోపల కరిగిన గాజు గడ్డకట్టి గోడల్ని చీల్చేస్తుంది. తర్వాత దాన్ని పగలగొట్టి కొత్తది కట్టుకోవడం తప్ప దారి లేదు. అన్నయ్య కొలిమికి ఇటుకలు అరిగిపోయాయి, పైకప్పు పలచబడింది. కొత్తది కడితే పదేళ్లకు చూసుకోనక్కర్లేదని మేస్త్రీ చెప్పాడు. ఆ పదేళ్లను నమ్ముకుని అన్నయ్య తనకున్నదంతా అందులో పోస్తున్నాడు.

"ఆదివారం వస్తాలే" అంది దుబాసి.

ఫోను పెట్టేశాక అక్కడే గోడకానుకుని నిలబడింది. చెబితే ఉద్యోగ ధర్మం పోతుంది, చెప్పకపోతే తోబుట్టువు పోతాడు. కక్కలేక మింగలేక అంటే ఏమిటో అన్ని భాషల్లోనూ చెప్పగలిగిన మనిషికి, ఆ క్షణాన ఏ భాషా తోచలేదు.

అటువాళ్ల దుబాసి పక్కనే ఉన్నాడు. డెబ్భైకి దగ్గరపడ్డ పెద్దాయన. పదకొండు రోజులుగా ఇద్దరూ గొంతు బిళ్లలు పంచుకుంటున్నారు. ఆయన ఒక బిళ్ల ఆమె చేతిలో పెట్టి, తన భాషలో మెల్లగా అన్నాడు.

"మీవాళ్లు ఒప్పుకుంటారు. అదను తరుముకొస్తోంది కదా."

"మీకెప్పుడైనా ఇబ్బంది అనిపించిందా, ఈ పనిలో?"

ఆయన కాసేపు బిళ్ల చప్పరించాడు. "మా ఊళ్లో కాగితం మిల్లు ఉండేది. ఆరేళ్ల కిందట ఒక బేరంలో పోయింది. ఇస్తాం అన్న మాట మావాళ్లదే, నోరు మాత్రం నాది. అందులో మా తమ్ముడు పనిచేసేవాడు."

"మాట్లాడతాడా మీతో?"

"మాట్లాడతాడు. ఎండల గురించి, వానల గురించి."

ఆమె నేరుగా మేడం గదికి వెళ్లింది. మేడం అంటే ఇటువైపు బృందానికి పెద్ద. చెప్పులు విప్పేసి, వాచిన పాదాలు ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని, చల్లారిన కాఫీ తాగుతోంది. దుబాసులు బేరంలో కలగజేసుకోకూడదు. చెవీ నాలుకా తప్ప తక్కిన ఒళ్లంతా ఇంటి దగ్గర వదిలి రావాలి. ఇరవై రెండేళ్లలో ఆ నియమం ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు.

"మేడం, ఒక్క మాట. గాజు సామాను అన్నదానిలో ప్రయోగశాలల గాజు కూడా వస్తుందాండీ?"

మేడం తలెత్తింది. "అన్నీ వస్తాయి. ఎందుకు?"

"వాళ్లకు కావలసింది కిటికీ అద్దాలూ, సీసాలూ అనుకుంటానండీ. మొన్న వాళ్లలో వాళ్లు గొణుక్కున్నప్పుడు ఆ రెండు మాటలే విన్నాను. బీకర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు."

మేడం కాఫీ కప్పు కింద పెట్టింది. "మీవాళ్లెవరైనా ఉన్నారా ఆ పనిలో?"

అబద్ధం చెప్పవచ్చు. అంత ఓపిక లేకపోయింది. "మా అన్నయ్య."

వరండాలో ఎవరో లిఫ్టు కోసం బొత్తాం మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు.

"మా పెదనాన్న కొడుకు రైతు" అంది మేడం చివరికి. "ఎరువెప్పుడక్కా అని రోజూ ఫోను చేస్తాడు. చూద్దాంలేరా అంటాను. అందరికీ ఎవరో ఒకరు ఉంటారమ్మా. ఎవరూ లేనివాళ్లని ఎక్కడి నుంచి తెస్తాం? కానీ మీరు పైకి చెప్పారు, నేను విన్నాను. ఇక మిమ్మల్ని ఆ గదిలో కూర్చోబెట్టలేను."

"తెలుసండీ."

"సంతకాలయ్యేదాకా ఒక్క ముక్క బయటకు పొక్కకూడదు. పొక్కితే వాళ్లు లేచిపోతారు, మన పొలాలు బీడుపడతాయి. మీ అన్నయ్యకైనా సరే."

"సరేనండీ" అంది దుబాసి. ఆ మధ్యాహ్నం నుంచి ఆమె కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుంది.

ఆదివారం ఆమె కర్మాగారానికి వెళ్లింది. షెడ్డులోకి అడుగుపెట్టగానే వేడి ముఖాన కొట్టింది. కొలిమి నోటి దగ్గర బుగ్గల మావయ్య గొట్టం తిప్పుతూ నిలబడ్డాడు. అసలు ఆయన ఎవరికీ మావయ్య కాడు. నలభై ఏళ్లు గాజు ఊది ఊది చెంపలు సంచుల్లా సాగి వేలాడతాయి గనక ఆ పేరు. ఆయన గొట్టం కొసన ఎర్రటి ముద్దను తీసి, అచ్చులో దించి ఊదితే, అది ఫ్లాస్కు అయి వచ్చేది. కళ్లు మూసుకున్నా చేయగలడని చెప్పుకునేవారు. ఆయన మాత్రం "కళ్లు మూస్తే కాలుతుంది" అనేవాడు.

అన్నయ్య ఆమెను కొలిమి చుట్టూ తిప్పాడు. కొత్త ఇటుకలు పెట్టెల్లో పేర్చి ఉన్నాయి. ఏ ఇటుక ఎక్కడ వస్తుందో, పొగగొట్టం ఎటు తిరుగుతుందో చూపిస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, కొత్త ఇల్లు కట్టుకుంటున్న కుర్రాడిలా ఉన్నాడు. ఆమె అన్నీ విన్నది. చివరికి, పెట్టె మీద దుమ్ము వేలితో తుడుస్తూ అంది.

"ఇంకో నెల ఆగరాదూ, అన్నయ్యా?"

"ఎందుకు?"

"ఊరికే."

అన్నయ్య చెల్లెలి ముఖం కేసి చూశాడు. ఆమె దుమ్మునే చూస్తోంది.

"పదకొండేళ్లలో ఈ కొలిమి గురించి నువ్వొక్క మాట అనలేదు" అన్నాడు నెమ్మదిగా.

ఆమె పెదవి కదిపింది. అతను చెయ్యెత్తి ఆపాడు.

"వద్దు. చెప్పకు. నేనడగలేదు, నువ్వు చెప్పలేదు. నీ ఉద్యోగం నీకుండనీ."

అవతలికి వెళ్లి బుగ్గల మావయ్యతో ఏదో మాట్లాడి, కొలిమి పైకప్పు కేసి ఇద్దరూ చాలాసేపు చూసి, తర్వాత మేస్త్రీకి ఫోను చేశాడు. మేస్త్రీ విసుక్కున్నాడు. మళ్లీ ఐదు వారాల తర్వాత గానీ తీరదన్నాడు. సరే అన్నాడు అన్నయ్య.

బస్సులో ఇంటికి వెళ్తూ ఆమె లెక్క చూసుకుంది. ఇరవై రెండేళ్లు కాపాడుకున్న నోరు ఒక్క 'ఊరికే'తో చెడింది. అయినా మనసులో ఎక్కడో తేలికపడింది. కనీసం అతను గుడ్డిగా దూకలేదు కదా అనుకుంది.

పదకొండు రోజుల తర్వాత, గురువారం మధ్యాహ్నం కొలిమి పైకప్పు కూలింది. సగం మంది భోజనాలకు వెళ్లారు కాబట్టి సరిపోయింది. కప్పు లోపలికి పడ్డ దెబ్బకి పక్కగోడ పగిలి, కరిగిన గాజు పొర్లింది. గోడకు దగ్గరగా ఒకతను వంగి అచ్చు తుడుస్తున్నాడు. బుగ్గల మావయ్య అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. లాగిన చెయ్యి మోచేతి దాకా కాలింది.

దుబాసి వెళ్లేసరికి ఆసుపత్రి వరండాలో వదిన ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. అన్నయ్య లోపల డాక్టరుతో మాట్లాడుతున్నాడు.

"నువ్వు ఆగమన్నావటగా" అంది వదిన.

"అన్నాను వదినా."

"ఎందుకు?"

బేరం ఇంకా ముగియలేదు. సంతకాలు కాలేదు. దుబాసి తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది.

"సోమవారం ఆర్పేసి ఉంటే ఈపాటికి సగం గోడ లేచేది. ఆ మనిషి చెయ్యి ఆ మనిషికుండేది. ఎందుకాగమన్నావో చెబితే నీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?"

అన్నయ్య బయటికి వచ్చాడు. కనుబొమలు మాడి, ముఖం నల్లగా ఉంది. "దాన్ని అడక్కు" అన్నాడు భార్యతో. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు.

ఒప్పందం మరో తొమ్మిది రోజులకు బయటపడింది. పత్రికల నిండా ఎరువే. రేవులో మొదటి ఓడ బొమ్మ వేశారు. రైతులు బస్తాల మీద చేతులేసి నిలబడ్డ బొమ్మ వేశారు. అదనుకు వారం ముందే ఎరువు చేరింది. అదీ చిన్న సంగతి కాదు, లక్షల ఇళ్ల సంగతి. గాజు మాట ఎక్కడో లోపలి పేజీలో రెండు ముక్కలు. కిటికీ అద్దాలకూ, సీసాలకూ సుంకం వెంటనే పోయింది. ప్రయోగశాలల గాజుకు మాత్రం మూడేళ్లు అలాగే ఉండి, తర్వాత పోతుంది.

ఆ మూడేళ్లు తన ప్రశ్న వల్ల వచ్చినవని ఆమెకు తెలుసు. ఒప్పందం బయటపడ్డ సాయంత్రమే కూర్చుని మేడం కార్యాలయానికి ఒక పేజీ కాగితం రాసింది. ఫలానా ఆదివారం, ఫలానా మాట, మా అన్నయ్యతో అన్నాను అని. రెండు రోజుల తర్వాత మేడం ఫోను చేసింది.

"ఎందుకు రాశారమ్మా? ఊరికే అన్న మాటకు ఎవరు శిక్ష వేస్తారు? ఇప్పుడు కాగితం మీదికొచ్చింది కాబట్టి దుబాసుల జాబితాలోంచి మీ పేరు తీసేయాలి."

"తీసేయండి మేడం. అలిసిపోయాను."

మేడం నిట్టూర్చింది. "ఆ మూడేళ్లు మీ మాట మీదే అడిగాను. వాళ్లు ఊరికే ఇవ్వలేదు. బదులుగా తాళాల మీదా, తలుపు బందుల మీదా సుంకం మాఫీ అడిగారు. ఇచ్చాం."

తాళాలు చేసేవాళ్లెవరూ దుబాసికి తెలియదు. ఎక్కడో ఉంటారు. ఈపాటికి వాళ్లూ పత్రిక చూసి ఉంటారు. ఆ మాట ఆమెను చాలా రోజులు వదల్లేదు. తన అన్నకు అడ్డు నిలబడడానికి ముఖం తెలియని ఇంకెవరి అన్ననో ముందుకు తోసినట్టయింది.

అన్నయ్య దగ్గరికి వెళ్లడానికి ఆమెకు ఇంకో వారం పట్టింది. షెడ్డు చల్లగా ఉంది. అంత చల్లగా దాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. నేల మీద గడ్డకట్టిన గాజును నలుగురు గునపాలతో పెళ్లగిస్తున్నారు. అన్నయ్య కొత్త ఇటుకల పెట్టె మీద కూర్చుని పత్రికలోని ఆ రెండు ముక్కలు చదువుతున్నాడు. పక్కన చోటిచ్చాడు. ఆమె కూర్చుంది.

"ఇదేనా ఆ రోజు నీ ఊరికే?" అన్నాడు.

"ఇదే."

"పదేళ్ల కొలిమికి మూడేళ్ల హామీ." పత్రిక మడిచాడు. "కట్టను. ఇటుకలు వెనక్కి తీసుకుంటారట. కొలిమి లేకుండా పనిచేసే బర్నరు బల్లలు నాలుగున్నాయి. పగిలిన సామాను బాగుచేస్తాం, ఎవరైనా ప్రత్యేకంగా అడిగిన ముక్కలు చేస్తాం. ఎనిమిది మందికి పని దొరుకుతుంది."

"తక్కినవాళ్లు?"

అతను గునపాల వైపు చూశాడు.

"సోమవారం నువ్వు పగలగొట్టి ఉంటే..." అంది ఆమె.

"కట్టేవాడిని. మూడేళ్లు ఊది, నాలుగో ఏట తల పట్టుకునేవాడిని. ఆ రోజు నువ్వు నోరు విప్పి మొత్తం చెప్పి ఉంటే ఏం చేసేవాడినో నాకే తెలీదే. బహుశా నమ్మేవాడిని కాదు. పదకొండేళ్లు ఏమీ కాలేదు కదా, ఇప్పుడేమవుతుందిలే అనేవాడిని." పత్రిక పెట్టె మీద పెట్టి అన్నాడు, "ఇంటికొచ్చినప్పుడు మీ వదినతో మాట్లాడు. నేను చెబితే నిన్ను వెనకేసుకొస్తున్నాను అంటోంది."

బుగ్గల మావయ్య ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. అక్కడి నుంచి ఆమె నేరుగా వెళ్లింది. ఆయన కిటికీ పక్క మంచం మీద, కట్టు కట్టిన చెయ్యిని దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. వేళ్లు మూసుకోవని డాక్టరు చెప్పేశాడట.

"రా అమ్మా, దుబాసీ. ఇక్కడి నర్సు ఏం మాట్లాడుతుందో ఒక్క ముక్క అర్థం కావడం లేదు. కాస్త చెప్పిపో."

"మావయ్యా, ఆ కొలిమి ఆర్పకుండా ఆగమన్నది నేనే."

"తెలుసులే."

"నేను ఆ మాట అనకపోతే నీ చెయ్యి..."

ఆయన చెంపలు ఒకసారి పూరించి వదిలాడు. ఆలోచించేటప్పుడు ఆయనకది అలవాటు.

"ఆ ఆదివారం మీ అన్నయ్య నా దగ్గరికొచ్చి ఏమడిగాడో తెలుసా? మావయ్యా, ఈ కప్పు ఇంకో నెల నిలబడుతుందా అన్నాడు. నలభై ఏళ్ల నుంచీ కొలిమి ముందు నిలబడ్డవాణ్ణి కదా. చూశాను. నిలబడుతుందిరా అన్నాను. నువ్వు ఆగమన్నావు. నిలబడుతుందన్నది నేను. వాడు ఇద్దరినీ నమ్మాడు."

ఆమె ఆయన చేతి కింది దిండు సర్దింది.

"నిజం చెప్పమంటావా" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "అది నిలబడదని నాకు అనుమానంగానే ఉంది. కానీ ఆర్పడం ఇష్టం లేకపోయింది. ఇంకో నెల ఊదుకోవచ్చు కదా అనిపించింది. ఈ మాట మీ అన్నయ్యకు చెప్పకు."

"చెప్పను" అంది దుబాసి.

ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి సన్నగా గురక మొదలైంది. ఆమె లేవలేదు. గదిలో ఆరు మంచాలున్నాయి. ఎవరో రేడియో పెట్టారు. సుంకాల గురించి ఇంకెక్కడో ఇంకేవో దేశాలు మాట్లాడుకుంటున్నాయని చెబుతోంది. ఆమె వినకుండా కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికి వదిన క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆడపడుచును చూసి గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. లోపలికి వచ్చి, క్యారేజీ కిటికీ పట్టె మీద పెట్టి, ముసలాయన దుప్పటి సర్దింది. గదిలో ఉన్నది ఒకే ఒక్క బల్ల.

"కాస్త జరుగు" అంది వదిన.

దుబాసి జరిగింది.